గళ్ల కింద వాగులు: థీమ్ పజిల్‌ను విప్పడం, మెచ్చడం

"నేటి ప్రత్యేకం: పండుగలు" అని పైన రాసి, క్రాస్‌వర్డ్ అడ్డం నిలువుల్లో బతుకమ్మ, బోనాలు, ఉగాది, పీర్ల పండుగ కుక్కేస్తే అది థీమ్ కాదు, జాబితా. మూడు పడేసరికి నాలుగోది దానంతటదే తడుతుంది. తట్టినందుకు సంతోషం మాత్రం ఉండదు. థీమ్ అంటే జవాబుల వెనక దాగిన ఒక సూత్రం. అది దొరకకముందు పజిల్ ఒకలా ఉండాలి, దొరికాక నింపేసిన గళ్లను మళ్లీ చూడబుద్ధి కావాలి. ఆ సూత్రాన్ని ఎలా పట్టుకోవాలి, పేర్చినవాళ్ల పనితనాన్ని ఏ కొలతతో చూడాలి అన్నది చెప్పడానికి మన పాలమూరు, నల్లగొండ నీళ్లతో ఒక పజిల్ పేర్చాను. దాంట్లోకి దిగేముందు కొంచెం చరిత్ర, కొంచెం అక్షరాల లెక్క.

చరిత్ర చిన్నదే. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్లు గీసి 'వర్డ్-క్రాస్' అని పేరు పెట్టాడు. ఆ పేరు తర్వాత తిరగబడి క్రాస్‌వర్డ్ అయింది. న్యూయార్క్ టైమ్స్ చాలాకాలం ఈ పిచ్చికి దూరంగా ఉండి, చివరికి 1942లో మొదలుపెట్టింది. థీమ్ అనే పద్ధతి గట్టిపడింది అక్కడే. సోమవారం సులువు, వారం గడిచేకొద్దీ కష్టం, గురువారం ఏదో ఒక తిరకాసు. పొడవాటి జవాబులు మూడో నాలుగో ఒకే సూత్రానికి కట్టుబడి ఉంటాయి, ఇంకో జవాబు ఆ గుట్టు విప్పుతుంది. బ్రిటన్ వాళ్లు ఇంకో దారి పట్టి, ప్రతి ఆధారంలోనూ (జవాబుకు ఇచ్చే సూచనలో) మెలిక పెట్టారు. మన దేశంలో ది హిందూ పత్రిక ఆ బ్రిటన్ దారినే 1971లో మొదలుపెట్టింది. తొలి రోజుల్లో అది పేర్చినాయన రిటైర్డ్ అడ్మిరల్ రామ్‌దాస్ కటారి, మన నౌకాదళానికి మొదటి భారతీయ అధిపతి. యుద్ధనౌకలు నడిపిన మనిషి గళ్లు గీస్తూ కూర్చోవడం నాకు భలే నచ్చుతుంది. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర అంతటి కవులే ఈ పనికి దిగారు. కాబట్టి పజిల్‌ను కాలక్షేపం కింద కొట్టిపారేసేవాళ్లు కాస్త ఆలోచించాలి.

గళ్లు బయటినుంచి వచ్చినా, గళ్లలో అక్షరాలతో ఆడుకోవడం మనకు పాత సంగతే. అవధానంలో న్యస్తాక్షరి ఉంది కదా. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం పడాలని పృచ్ఛకుడు అడుగుతాడు, అవధాని పద్యం చెడకుండా దాన్ని అక్కడ కూర్చోబెడతాడు. నిలువు జవాబు నింపగానే అడ్డం జవాబులో మూడో గడికి ఒక అక్షరం వచ్చి కూర్చుంటుంది చూడండి, అచ్చంగా అదే. అక్షరాలను బొమ్మలా పేర్చే బంధకవిత్వంలో పద్మబంధం వేస్తే నడుమ ఉన్న ఒక్క అక్షరాన్ని అన్ని రేకులూ పంచుకుంటాయి. రెండు పదాలు ఒక గడిని పంచుకోవడం కూడా అలాంటిదే. ఇక "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు తీసినా చప్పుడు కావు" అని అడిగితే కనురెప్పలు అని చెప్పిన ప్రతి పిల్లా మెలిక ఆధారం విప్పినట్టే.

ఇప్పుడు అసలు లెక్క. ఇంగ్లిష్ గడిలో పడేది ఇరవయ్యారింటిలో ఒకటి. తెలుగు గడిలో పడేది అక్షరం, గుణింతంతో ఒత్తుతో సున్నతో సహా. క ఒక గడి, కా ఇంకో గడి, క్షం ఇంకోటి, స్త్రీ మొత్తం కలిసి ఒక్క గడి. ఇవన్నీ కలిపితే గడిలో పడగలిగేవి వేలల్లో ఉంటాయి. దీనివల్ల నింపేవాళ్లకు లాభం, పేర్చేవాళ్లకు టెన్షన్. ఇంగ్లిష్‌లో మధ్యలో ఒక 'ఆర్' దొరికితే పెద్దగా ఒరిగేదేమీ లేదు. తెలుగులో మధ్యలో 'ర్వా' దొరికిందంటే జవాబు సగం దొరికినట్టే. నిర్వాహకుడు, నిర్వాసితులు, గర్వాలు, ఇలా నాలుగైదు మాటలు చాలు, బుర్ర వాటిని దానంతటదే తెచ్చి పెడుతుంది. పేర్చేవాళ్లకు అదే 'ర్వా' గొంతులో పడ్డ ముల్లు. దానిమీదుగా ఇంకో పదం నడిపించాలి మరి.

లెక్కపెట్టడం దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. నల్లగొండ నాలుగు గళ్లు: న, ల్ల, గొం, డ. అదే ఊరిని నల్గొండ అని రాస్తే మూడే: న, ల్గొం, డ. బస్టాండ్ బోర్డు ఒకలా, ఆఫీసు కాగితం ఒకలా రాస్తుంటే పజిల్ నింపేవాడు ఏం చేయాలి? గళ్ల సంఖ్య చూసి వాళ్లు ఏ వాడుకలో ఉన్నారో గ్రహించాలి. రంగం రెండు గళ్లు, రంగము మూడు. ఒక గడి చాలక ఇబ్బంది పడితే చివరి సున్నాను 'ము'గా సాగదీస్తారు, ఇది అందరూ వాడే వెసులుబాటు. మహబూబ్‌నగర్‌లోని చివరి 'ర్' లాంటి పొల్లుకు విడిగా గడి ఇవ్వాలా వద్దా అన్నది పేర్చేవాళ్ల ఇష్టం. ఒకే పత్రికను వరసగా నింపితే వాళ్ల అలవాటు పట్టుబడుతుంది. అందుకే రోజూ నింపేవాళ్లకు పజిల్ సులువవుతుంది. తెలివి పెరిగిందని మనం అనుకుంటాం గానీ, సగం అవతలివాళ్ల పద్ధతి తెలిసిపోవడమే.

ఆధారాల్లో సూటివి ఉంటాయి: "1922లో నల్లగొండ నుంచి వెలువడిన పత్రిక (4)" అంటే నీలగిరి; బ్రాకెట్లోది గళ్ల లెక్క. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు. మెలిక ఉన్నవాటి రుచి వేరు. "వనపర్తిలో సగం వెనక్కి తిరిగితే కొత్తది (2)" అంటే వన తిరగబడి నవ. "దొర కోటకు దీర్ఘం తీసెయ్యి, పెన్సిల్ పెట్టు (2)" అంటే గడీ కాస్తా గడి. తిరగేయడం తెలుగులో చాలా శుభ్రంగా కుదురుతుంది, ఎందుకంటే అక్షరం విరగదు. మరా మరా అంటూ రాముణ్ని చేరుకున్న వాల్మీకి కథ మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. అక్షరాలను కలగాపులగం చేసే ఆధారాలు మాత్రం తెలుగులో పలచగా ఉంటాయి. ప్రతి అక్షరం తన గుణింతాన్ని వెంటేసుకుని తిరుగుతుంది కాబట్టి, కలిపి వేస్తే కొత్త మాట పుట్టేది తక్కువ. అందుకే తెలుగు ఆధారం ఎక్కువగా నానార్థాల మీద నిలబడుతుంది. దుందుభి అంటే భేరి, వాలి చంపిన రాక్షసుడు, 1982 ఉగాదికి మొదలైన సంవత్సరం, పాలమూరు వైపు పారే వాగు. ఒక్క మాటకు నాలుగు ద్వారాలుంటే పేర్చేవాడికి పండగే.

ఒక ఫిర్యాదు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. మన వైపు మాటలు గళ్లలోకి అంత తేలిగ్గా రావు. ఆలుగడ్డ అని మనం వంద శాతం నమ్మకంతో రాస్తాం, వాళ్లకు కావలసింది బంగాళాదుంప. చొక్కాకు అంగి చెల్లదు, మొక్కజొన్నలకు మక్కలు చెల్లవు. చాయ్ హోటల్లో పేపర్ పంచుకుని నింపేటప్పుడు "కాకా, దూప రాస్తే సరిపోతుంది కదా" అని పక్కవాడు అంటాడు. "దప్పిక (2)" అన్న ఆధారానికి నిజంగానే సరిపోతుంది. తెల్లారి జవాబుల్లో చూస్తే 'తృష్ణ' ఉంటుంది. దూపకు ఏం తక్కువ? కూలి పనికి మనం వాడే కైకిలి అన్న మాట మూడు గళ్లలో చక్కగా కూర్చుంటుంది, కై, కి, లి మూడూ పదాల మొదట్లో వచ్చే తేలికైన అక్షరాలే. ప్రాంతం మాట అయితే ఆధారంలో "పాలమూరు మాట" అని ఒక ముక్క చేర్చితే ఎవరికీ అన్యాయం జరగదు.

ఇక నా పజిల్. తొమ్మిది వరసలు, వరసకు తొమ్మిది గళ్లు. పేరు 'ఇంకిన నీళ్లు'. ముఖ్యమైన ఆధారాలు ఇవి. పై వరస కుడివైపు: "వెలుతురును సైతం మింగే ఆకాశపు గుంత (4)". మూడో వరస: "కాళేశ్వరంలో సరస్వతి ఇలాగే ఉందంటారు, ఈ గళ్లలో ఇంకొన్ని (5)". సరిగ్గా నడుమ, అయిదో వరస: "రుచికి పురాణాలిచ్చిన సర్టిఫికెట్ (7)". ఏడో వరస: "సగం వేసి సగం వదిలేసిన తలుపు ఎలాంటిది? (5)". అడుగు వరస ఎడమవైపు: "పడుకోవడానికి గడ్డితో అల్లినది (4)". నిలువులో ఒకటి: "మహబూబ్‌నగర్ పాత పేరు (4)".

ఎక్కడ మొదలుపెట్టాలి? ఎక్కువమంది ఒకటో నంబర్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. సూటి ఆధారం ఎక్కడుంటే అక్కడ దిగాలి. ఇక్కడ అది పాలమూరు. నిలువుగా పా, ల, మూ, రు రాయగానే రెండు కానుకలు వస్తాయి. నడిమి వరస జవాబులో అయిదో గడికి 'పా', ఏడో వరసలోని అయిదు గళ్ల జవాబుకు సరిగ్గా మధ్యన 'మూ'. రుచి గురించిన ఏడు గళ్ల మాట, అయిదో అక్షరం పా. న, ల, భీ, మ, పా, క, ము. నలభీమపాకం అనే రాస్తాం మనం; ఏడో గడి కోసం 'ము' వచ్చింది. తలుపు సంగతి: నడుమ మూ ఉన్న మాట ఏముంటుంది? మూ, సీ, మూ, య, ని. మూసీమూయని తలుపు.

ఇక్కడ పెన్సిల్ ఆపాలి. పేరు ఇంకిన నీళ్లు. మూసీమూయనిలో మొదటి రెండు గళ్లు మూసీ. మన వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీ. వెనక్కి వెళ్లి నలభీమపాకము చూస్తే నడుమ భీమ. పాలమూరు పడమటి అంచున కృష్ణలో కలిసే భీమా. సూత్రం దొరికింది: ప్రతి పొడవాటి జవాబులో ఒక నది ఉంది. అప్పుడు మూడో వరస ఆధారం తనంతట తానే తెరుచుకుంటుంది, అంతర్వాహిని. ఇక థీమ్ వెనకనుంచి పనిచేయడం మొదలుపెడుతుంది. ఆకాశపు గుంత ఏమిటో అంతకుముందు తెలియకపోయినా, నాలుగు గళ్లలో ఒక నది ఉండాలని ఇప్పుడు తెలుసు. కృష్ణ అని వేస్తే కృష్ణబిలం వచ్చేస్తుంది. గడ్డితో అల్లినది తుంగచాప.

థీమ్ ఉన్న పజిల్‌లో ఆగాల్సిన చోటు ఇదే. సూత్రం దొరికే క్షణం పజిల్ మధ్యలో రావాలి. మొదట్లోనే దొరికితే మిగతాదంతా గుమాస్తా పని అయిపోతుంది, అంతా నిండాక దొరికితే థీమ్ ఉన్నా లేకపోయినా ఒకటే. అంతర్వాహిని ఆధారాన్ని పైన మూడో వరసలో పెట్టడం ఆ లెక్కన కొంచెం తొందరపాటే. కింద ఉంటే బాగుండేది.

నది ఎలా దాగిందో కూడా చూడాలి. కృష్ణానది, మూసీవరద అని పెడితే దాచినట్టు కాదు. దాగిన మాటకు జవాబులో ఇంకో అర్థం ఉండాలి. కృష్ణబిలంలో కృష్ణ అంటే నలుపు, నలభీమపాకంలో భీముడు వంటవాడు, తుంగచాపలో తుంగ గడ్డి. అన్నిటికంటే మూసీమూయని నాకు ఇష్టం, అక్కడ మూసీ అసలు నామవాచకమే కాదు, క్రియ. అయితే మూడింటిలో నది మొదట్లోనే ఉంది, భీమ ఒక్కటే నడుమ ఇమిడింది. అంతర్వాహిని అన్న మాటకు పూర్తి న్యాయం చేసింది అదొక్కటే. దాచడం తెలుగులో ఎంత కష్టమో చెప్పడానికి ఒక ఉదాహరణ: ఉత్తుంగం అన్న మాట చెవికి తుంగను వినిపిస్తుంది. గళ్లలో వేస్తే ఉ, త్తుం, గం. తుం లేదు, గ లేదు. ఒత్తు ఒకటి, సున్న ఒకటి కలిసి నదిని ఎండగట్టాయి.

పేర్చేవైపు నుంచి చూస్తే ఖర్చు ఇంకా బాగా తెలుస్తుంది. ఇంగ్లిష్ పజిల్‌లో ఒక నియమం ఉంది. పేపర్‌ను తలకిందులుగా తిప్పినా నల్ల గళ్ల అమరిక అలాగే ఉండాలి. దాన్ని ఇక్కడ పాటిద్దామని చూశాను. పాలమూరు అయిదో వరసనుంచి ఎనిమిదో వరస దాకా దిగింది కాబట్టి, దానికి జోడీగా ఎదుటివైపు రెండో వరసనుంచి అయిదో వరస దాకా నాలుగు గళ్ల నిలువు పదం ఒకటి కావాలి. ఆ పదం అంతర్వాహినిలోని 'ర్వా' మీదుగా దిగి, నలభీమపాకంలోని 'భీ' దగ్గర ముగియాలి. రెండో అక్షరం ర్వా, నాలుగోది భీ. 'భీ'తో ముగిసే మాట అంటే నాకు ఉర్దూ 'ఫిర్ భీ' తప్ప ఇంకేమీ తట్టలేదు. అయిదు గళ్లదైనా సరే, అక్కడ నిర్వాసితులు పెట్టాలని ఎంతో ఆశ. కృష్ణ మీద ఆనకట్టలు కట్టినప్పుడు ఊళ్లు మునిగినవాళ్లు ఈ రెండు జిల్లాల్లో ఎంతమంది లేరు! ని, ర్వా, సి దాకా బాగానే వచ్చింది, తర్వాతి గడిలో 'తు' పడాలి, అక్కడ 'భీ' ఎప్పటినుంచో కూర్చుని ఉంది. చివరికి దాన్ని రెండు గళ్లకు కుదించి "లేదంటే దిగులే లేదు (2)", పర్వా, అని సరిపెట్టాను. జోడీ నియమం పోయింది, పాలమూరు నిలిచింది.

నా ఉద్దేశంలో అదే సరైన బేరం. తిప్పిచూసినా ఒకేలా ఉండే అందం ఇరవయ్యారు అక్షరాల భాషకు తగ్గ ముచ్చట. తెలుగు పజిల్‌ను దాంతో కొలిచి తక్కువ చేయడం అన్యాయం. మన పజిల్‌లో నల్ల గళ్లు ఎక్కువ ఎందుకున్నాయి, పదాలు రెండు మూడు గళ్లకే ఎందుకు ఆగుతున్నాయి అని అడిగేవాళ్లు పై వరసలోని కృష్ణబిలాన్ని ఒకసారి చూడండి. రెండో గడి 'ష్ణ'. పై వరస కాబట్టి దాని కింద నిలువు పదం దిగాలంటే ఆ పదం ష్ణతోనే మొదలవ్వాలి. ష్ణతో మొదలయ్యే మాట లేదు. అలాంటి సంయుక్తాక్షరాలు పదం నడుమనే బతుకుతాయి. కాబట్టి దాని కింద నల్ల గడి వేయడం తప్ప దారి లేదు, నిలువునుంచి సాయం రాదు కాబట్టి అడ్డం ఆధారాన్ని కొంచెం తేలిక చేయాలి. గట్టిగా పేర్చేవాళ్లు ఈ లెక్క ముందే వేసుకుంటారు. ఆధారం మరీ సులువుగా కనిపిస్తే తిట్టుకునేముందు, ఆ జవాబును ఎన్ని నిలువులు కోస్తున్నాయో లెక్కపెట్టండి.

వదిలేసినవీ ఉన్నాయి. డిండిమం అంటే భేరి, దాంట్లో మన డిండి వాగు నిక్షేపంగా ఉంది. పై వరస ఎడమ మూలలో మూడు గళ్ల చోటు కూడా ఉంది. కానీ దాన్ని కోసే నిలువు పదం ఒక్కటీ కుదరలేదు. ఏ పదమూ తాకని జవాబు పెట్టడం నింపేవాళ్లను మోసం చేయడమే, ఎంత మంచి మాటైనా తీసేయాలి.

కచ్చితంగా చూసేవాళ్లు ఈపాటికి తుంగ దగ్గర చెయ్యెత్తి ఉంటారు. తుంగ మన జిల్లాలకు రాదు. కర్ణాటకలోని కూడ్లి దగ్గరే భద్రతో కలిసి తుంగభద్ర అయిపోతుంది, అలంపూర్ పక్కనుంచి వెళ్లేది తుంగభద్ర. మిగతా మూడూ మన నేల మీద పారేవి, ఇదొక్కటి పొరుగు రాష్ట్రంలోనే ఆగిపోయింది. ఇలాంటి చోట మార్కు కోయాల్సిందే. సవరణ మాత్రం ఉంది: తుంగచాప తీసేసి దేవదుందుభి. దే, వ, దుం, దు, భి. నాలుగు గళ్లకు బదులు అయిదు, జోడీ నియమం ఎలాగూ పోయింది కాబట్టి దిగుల్లేదు. నది చివర్లో దాగుతుంది, అదీ మంచిదే. ఇబ్బంది ఒక్కటే. తుంగచాపలోని 'గ' మీదికి నిలువుగా పడగ దిగి ఉంది, "పాము విప్పేది (3)". ఇప్పుడు ఆ గడిలో 'వ' పడుతుంది. పడగ పోయి పడవ అవుతుంది, ఆధారం ఒక్కటి మార్చుకుంటే చాలు.